మూడు నోడ్ల మెష్ నెట్‌వర్క్‌లో రేడియో ఇంటర్‌ఫేస్‌ల అమరిక: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రూటర్లకు సమగ్ర మార్గదర్శి

కింది వాటాలో ఇంటర్నెట్ బాగానే ఉంటుంది. శ్లాబు దాటి మొదటి అంతస్తుకు వెళ్లేసరికి నీరసిస్తుంది. ఆ పై పెంట్‌హౌస్‌లో ఫోను మీద సిగ్నల్ గీతలు కనిపిస్తాయి గానీ పేజీ మాత్రం తెరుచుకోదు. ఇనుప చువ్వలున్న కాంక్రీటు శ్లాబులతో, తొమ్మిదంగుళాల ఇటుక గోడలతో కట్టిన ఇళ్లలో ఒక్క రూటర్ ఎంత ఖరీదైనదైనా మూడంతస్తులనూ మోయలేదు. అందుకే మెష్ పద్ధతి. రెండు మూడు రూటర్లు తీగ లేకుండా తమలో తాము మాట్లాడుకుని, ఒకదాని సమాచారాన్ని మరొకటి చేరవేస్తూ, బయటి నుంచి చూసేవారికి ఒకే నెట్‌వర్క్‌గా కనిపిస్తాయి. ఇలా కలిసిన ఒక్కొక్క రూటర్‌నే నోడ్ అంటారు.

పెట్టె విప్పగానే ఫోన్ యాప్‌తో పని ముగించే మెష్ సెట్లు దుకాణాల్లో దొరుకుతున్నాయి. ఈ వ్యాసం వాటి గురించి కాదు. 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ రేడియోలు రెండూ ఉన్న మూడు మామూలు రూటర్లలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించి, 802.11ఎస్ అనే మెష్ ప్రమాణంతో వాటిని కలిపేటప్పుడు రేడియోలను ఏ క్రమంలో, ఎందుకు అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను. మెనూల పేర్లు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వెబ్ పేజీ అయిన లూసీలో కనిపించేవే. ఈ ప్రమాణం 2011లో ఆమోదం పొందింది కనుక ఏ తయారీదారు సొత్తూ కాదు. చిప్పు, దాని డ్రైవరు సహకరిస్తే వేర్వేరు కంపెనీల రూటర్లు కూడా దీని ద్వారా కలుస్తాయి.

రేడియో వేరు, ఇంటర్‌ఫేస్ వేరు

ఈ తేడా మనసుకు ఎక్కితే మిగతా పని సగం అయినట్టే. రేడియో అంటే రూటర్‌లోని అసలు పరికరం, అంటే చిప్పు, దాని యాంటెన్నాలు. ఇంటర్‌ఫేస్ అంటే ఆ రేడియో చేత మనం వేయించే వేషం. హరిదాసు ఒక్కడే హరికథలో రాముడూ అవుతాడు, రావణుడూ అవుతాడు. అయితే గొంతు ఒకటే కాబట్టి ఇద్దరూ ఒకేసారి మాట్లాడలేరు, శ్రుతి ఒకటే కాబట్టి ఇద్దరూ ఆ శ్రుతిలోనే పలకాలి. రేడియో సంగతీ అంతే. ఒకే రేడియో మీద ఫోన్ల కోసం యాక్సెస్ పాయింట్ అనే ఇంటర్‌ఫేస్‌నూ, తోటి రూటర్ల కోసం మెష్ అనే ఇంటర్‌ఫేస్‌నూ పెట్టవచ్చు. కానీ అవి రెండూ ఒకే చానెల్‌లో ఉండి తీరాలి, ఉన్న కాలాన్ని పంచుకుని తీరాలి.

ఈ పంపకం వల్ల కలిగే నష్టాన్ని ముందే లెక్క వేసుకోవడం మంచిది. రేడియో వింటున్నప్పుడు పలకలేదు. పెంట్‌హౌస్ నోడ్ పంపినదాన్ని మొదటి అంతస్తు నోడ్ ముందు విని, తర్వాత అదే చానెల్‌లో కింది నోడ్‌కు తిరిగి చెప్పాలి. ఒక్కొక్క పలుకూ గాలిలో రెండుసార్లు కాలాన్ని తీసుకుంటుంది కనుక మధ్య మజిలీ దాటిన సమాచారం వేగం సుమారు సగానికి పడిపోతుంది. అదే రేడియో ఫోన్లకు కూడా సేవ చేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. డబ్బా మీద వేలల్లో అచ్చువేసే వేగాలకు, పై అంతస్తులో మనం చూసే వేగానికి మధ్య ఉన్న అగాథానికి ముఖ్య కారణం ఇదే.

మొదటి అడుగు: రేడియోలకు పనులు పంచడం

రూటర్‌ను ముట్టుకోకముందే కాగితం మీద తేల్చుకోవలసిన విషయమిది. రెండు రేడియోలలో ఏది నోడ్ల మధ్య మాటలకు, ఏది ఫోన్లకు?

5 గిగాహెర్ట్జ్‌లో చానెళ్లు వెడల్పైనవి, పొరుగింటి రద్దీ తక్కువ. అయితే ఖాళీ స్థలంలో కూడా 2.4తో పోలిస్తే సిగ్నల్ సుమారు 7 డెసిబెళ్లు ఎక్కువగా నష్టపోతుంది, అంటే అవతలి యాంటెన్నాకు చేరే శక్తి ఐదో వంతే. శ్లాబు అడ్డు వస్తే నష్టం ఇంకా పెరుగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడల గుండా మెరుగ్గా వెళ్తుంది గానీ అక్కడ పక్కింటి రూటర్లు, బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఒకే సందులో తోసుకుంటాయి.

నా సిఫారసు ఇది. ఇంటి ఇంటర్నెట్ ప్లాన్ 100 మెగాబిట్ల లోపైతే 5 గిగాహెర్ట్జ్ రేడియోను పూర్తిగా మెష్‌కే కేటాయించి, ఫోన్లను 2.4 మీద ఉంచండి. వేగం కాస్త తక్కువైనా నిలకడ ఎక్కువగా ఉంటుంది. ప్లాన్ అంతకంటే పెద్దదైతే 5 గిగాహెర్ట్జ్ మీద మెష్‌తో పాటు యాక్సెస్ పాయింట్‌ను కూడా పెట్టక తప్పదు, ఎందుకంటే 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న 2.4 చానెల్‌లో రెండు యాంటెన్నాల పాత 802.11ఎన్ తరహా రూటర్ లెక్కప్రకారం 144 మెగాబిట్లే ఇస్తుంది, నిజంలో చేతికొచ్చేది అందులో సగం పైచిలుకు. మూడు రేడియోలున్న రూటర్లు దొరికితే ఈ చిక్కే ఉండదు, రెండో 5 గిగాహెర్ట్జ్ రేడియోను మెష్‌కు వదిలేయవచ్చు.

మీ చిప్పుకు మెష్ వేషం వచ్చో రాదో కూడా ఇప్పుడే చూసుకోవాలి. మీడియాటెక్, క్వాల్‌కామ్ ఆథెరాస్ చిప్పులలో చాలావాటికి లినక్స్ డ్రైవర్లు బాగున్నాయి. బ్రాడ్‌కామ్ చిప్పులున్న రూటర్లను ఈ పనికి ఎంచుకోకపోవడమే మేలు. లూసీలో కొత్త వైర్‌లెస్ ఇంటర్‌ఫేస్ సృష్టించేటప్పుడు మోడ్ జాబితాలో 802.11ఎస్ అనే పేరు కనిపించడం తొలి గుర్తు. దాన్ని ఎంచుకుంటే నిజంగా లేచి నిలబడుతుందా లేదా అన్నది రెండో పరీక్ష. ఒకే రేడియో మీద రెండు వేషాలూ వేయించదలిస్తే రెండింటినీ కలిపి పరీక్షించండి.

రెండో అడుగు: తీగతో సన్నాహాలు

ఈ దశంతా ల్యాన్ తీగతోనే చేయాలి. కొత్తగా ఎక్కించిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో చాలా రూటర్లకు వైఫై ఆపి ఉంటుంది, చిరునామా 192.168.1.1, రూట్ ఖాతాకు పాస్‌వర్డ్ ఉండదు. మూడు రూటర్లకూ ఒకే చిరునామా ఉంటుంది కనుక ఒక్కొక్కదాన్నే కంప్యూటర్‌కు కలిపి, ముందు పాస్‌వర్డ్ పెట్టండి. ఇంటర్నెట్ తీగ వచ్చే కింది నోడ్‌కు 192.168.1.1 అలాగే ఉంచి, మిగతా రెండింటికీ 192.168.1.2, 192.168.1.3 ఇవ్వండి (చిరునామా మార్చేటప్పుడు లూసీ తగిలించే చిన్న అడ్డు గురించి నాలుగో అడుగు చివర చెప్పాను, ముందే చూసుకోండి). వాటిలో గేట్‌వే, డీఎన్ఎస్ రెండూ 192.168.1.1 అని రాసి, ల్యాన్ ఇంటర్‌ఫేస్ మీది డీహెచ్‌సీపీ సేవను ఆపండి. ఐపీ చిరునామాలు పంచే పెద్దమనిషి ఇంట్లో ఒక్కరే ఉండాలి. ఇద్దరుంటే ఫోను ఏ నోడ్‌కు కలిసినప్పుడు ఏ చిరునామా వస్తుందో చెప్పలేము.

తర్వాతిది అందరూ మరిచిపోయే పని. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీతో మామూలుగా వచ్చే డబ్ల్యూపీఏడీ బేసిక్ అనే ప్యాకేజీకి గుప్తీకరించిన మెష్ తెలియదు. సిస్టమ్ మెనూలోని సాఫ్ట్‌వేర్ పేజీకి వెళ్లి దాన్ని తొలగించి, దాని స్థానంలో డబ్ల్యూపీఏడీ మెష్ రకాన్ని వేసి, రూటర్‌ను రీబూట్ చేయాలి. రెండు ప్యాకేజీలూ ఒకే ఫైళ్లను వాడుకుంటాయి కాబట్టి పాతదాన్ని తీయనిదే కొత్తది ఎక్కదు. ఎంబెడ్‌టీఎల్‌ఎస్, వుల్ఫ్‌ఎస్ఎస్ఎల్, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అని చివరి తోక మారుతుంది. బేసిక్‌కు ఏ తోక ఉందో అదే తోకతో ఉన్న మెష్ రకాన్ని ఎంచుకుంటే చిక్కులుండవు. ఈ పని చేసేంతసేపూ రూటర్‌కు ఇంటర్నెట్ అందుతూ ఉండాలి. నేను మొదటిసారి వైఫై మీద కూర్చుని వైఫైని నడిపే ప్యాకేజీనే తొలగించాను. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. తీగతోనే చేయమని చెప్పడం అందుకే.

మూడో అడుగు: రేడియో స్థాయి అమరికలు

నెట్‌వర్క్ మెనూలో వైర్‌లెస్ పేజీ తెరిస్తే రేడియో0, రేడియో1 అని రెండు వరుసలు కనిపిస్తాయి. ఏది 2.4, ఏది 5 అన్నది రూటర్‌ను బట్టి మారుతుంది కనుక పేరును చూసి ఊహించకుండా, పక్కన రాసిన వివరాన్ని చదవండి. ఎడిట్ నొక్కితే పేజీ పై భాగం మొత్తం రేడియోకు, కింది భాగం ఆ ఒక్క ఇంటర్‌ఫేస్‌కు చెందుతాయి. పై భాగంలో మార్చినది ఆ రేడియో మీది అన్ని వేషాలకూ వర్తిస్తుంది.

ముందుగా అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో దేశం కోడ్. భారతదేశంలో ఉన్నవారు ఐఎన్ అని, అమెరికాలో ఉన్నవారు యూఎస్ అని, ఎక్కడ ఉంటే ఆ దేశానిదే మూడు నోడ్లలోనూ ఎంచుకోవాలి. ఏ చానెళ్లు వాడవచ్చు, ఎంత శక్తితో ప్రసారం చేయవచ్చు అన్న హద్దులు దీని నుంచే వస్తాయి. భారతదేశంలో 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్‌తో 5150 నుంచి 5350, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు, అంటే మొత్తం 605 మెగాహెర్ట్జ్ వైఫైకి లైసెన్సు లేకుండా అందుబాటులోకి వచ్చాయి. వేరే దేశం కోడ్ పెడితే శక్తి పెరుగుతుందని కొందరు చెప్పే చిట్కా చట్టవిరుద్ధం. పైగా ఒక నోడ్‌లో ఒక కోడ్, ఇంకో నోడ్‌లో మరో కోడ్ ఉంటే ఒకదానికి చెల్లిన చానెల్ మరోదానికి చెల్లక అవి కలవకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇక చానెల్. మెష్ నడిచే రేడియోలో ఆటో అనే మాట ఉండకూడదు. ప్రతి నోడ్ తనకు నచ్చిన చానెల్‌ను ఎంచుకుంటే అవి ఒకదాన్నొకటి ఎప్పటికీ వినలేవు. మూడు నోడ్లలోనూ ఒకే సంఖ్య, ఒకే వెడల్పు చేత్తో రాయాలి. 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 వరకు, 149 నుంచి పైన ఉన్న చానెళ్లు నిశ్చింతగా వాడుకోదగినవి. మధ్యలో 52 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్లతో పంచుకునే చానెళ్లు. అక్కడ ప్రసారం మొదలుపెట్టే ముందు రూటర్ కనీసం 60 సెకన్లు మౌనంగా వినాలి, తర్వాత ఎప్పుడు రాడార్ వినిపించినా వెంటనే చానెల్ ఖాళీ చేసి 30 నిమిషాల పాటు అటు రాకూడదు. ఒక్క రూటర్ ఉన్న ఇంటికి ఇది చిన్న అసౌకర్యమే. మెష్‌లో అయితే పెంట్‌హౌస్ నోడ్‌కు మాత్రమే వినిపించిన రాడార్, నిజమైనదైనా భ్రమైనా, దాన్ని మిగతా గుంపు నుంచి విడదీయగలదు. విమానాశ్రయానికి, వాతావరణ రాడార్ కేంద్రానికి దగ్గరలో ఉన్నవారు ఈ చానెళ్ల జోలికి వెళ్లకపోవడం మేలు.

వెడల్పు విషయంలో ఆశ తగ్గించుకోవాలి. చానెల్ వెడల్పు రెట్టింపైన ప్రతిసారీ రేడియో చెవిలో పడే రొద 3 డెసిబెళ్లు పెరుగుతుంది. 20 నుంచి 80 మెగాహెర్ట్జ్‌కు వెళ్తే 6 డెసిబెళ్లు. ఒకే అంతస్తులో ఎదురెదురుగా ఉన్న నోడ్లకు 80 బాగుంటుంది. శ్లాబు దాటాల్సిన చోట 40తో మొదలుపెట్టి, కొలిచి చూసి, అప్పుడు 80 ప్రయత్నించండి. చాలా ఇళ్లలో 40 దగ్గరే ఆగడం మంచిదని నా అభిప్రాయం.

2.4 రేడియోలో లెక్క వేరు. దాని మీద మెష్ లేనప్పుడు మూడు నోడ్లూ ఒకే చానెల్‌లో ఉండాల్సిన పని లేదు, ఉండకపోవడమే మంచిది. ఒకదానిపై ఒకటి పడని చానెళ్లు 1, 6, 11 మాత్రమే. కింద 1, మధ్యలో 6, పైన 11 అని పంచండి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. పాత 802.11బి వేగాలను అనుమతించే గడిలో టిక్కు ఉంటే తీసేయండి, అవి గాలిలోని కాలాన్ని తినేస్తాయి.

నాలుగో అడుగు: మెష్ ఇంటర్‌ఫేస్

5 గిగాహెర్ట్జ్ రేడియో వరుసలో యాడ్ నొక్కి, మోడ్‌గా 802.11ఎస్ ఎంచుకోండి. మెష్ ఐడీ అనే గడిలో ఒక పేరు రాయాలి. ఇది ఫోన్లకు కనిపించే వైఫై పేరు కాదు, నోడ్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే సంకేతం. మూడింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. నెట్‌వర్క్ అన్న చోట ల్యాన్ ఎంచుకుంటే మెష్, ల్యాన్ తీగలు, వైఫై అన్నీ ఒకే వంతెన మీదికి వస్తాయి, అంటే ఒకే నెట్‌వర్క్‌గా కలుస్తాయి.

వైర్‌లెస్ సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 ఎస్ఏఈ ఎంచుకుని పొడవైన పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్‌తో ఒకరినొకరు గుర్తించుకునే ఈ ఎస్ఏఈ పద్ధతి 802.11ఎస్ మెష్‌లోనే ముందుగా చోటు దొరికించుకుని, 2018లో డబ్ల్యూపీఏ3 ద్వారా మామూలు వైఫైకి వచ్చింది. మెష్‌లో పెద్దా చిన్నా లేవు, రెండు నోడ్లలో ఎవరు ముందు పలకరించినా చెల్లాలి కాబట్టే ఇద్దరినీ సమానంగా చూసే పద్ధతి అవసరమైంది.

ఫార్వర్డ్ మెష్ పీర్ ట్రాఫిక్ అనే గడిని టిక్కుతోనే ఉంచండి, అది లేకుంటే మధ్య నోడ్ చేరవేత మానేస్తుంది. దాన్ని తీయాల్సిన సందర్భం ఒక్కటే. దారి ఎంపికను బ్యాట్‌మన్ అడ్వాన్స్‌డ్ అనే మరో పద్ధతికి అప్పగించినప్పుడు రెండూ కలిసి దారులు వెతక్కుండా దీన్ని ఆపుతారు. జర్మనీలోని ఫ్రైఫుంక్ సమూహాల వంటి పెద్ద నెట్‌వర్క్‌లకు బ్యాట్‌మన్ తగినది. ఇంట్లోని మూడు నోడ్లకు 802.11ఎస్ సొంత తెలివే చాలు.

సేవ్ అండ్ అప్లై నొక్కాక లూసీ 90 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ లోపు మీ కంప్యూటర్ మళ్లీ రూటర్‌ను చేరలేకపోతే మార్పులను తానే వెనక్కి తీసుకుంటుంది. చిరునామా మార్చినప్పుడు ఇది అడ్డు తగులుతుంది కాబట్టి, అప్పుడు మాత్రం తనిఖీ లేకుండా అమలు చేసే వీలును వాడాలి.

ఐదో అడుగు: ఫోన్ల కోసం యాక్సెస్ పాయింట్

ఇక్కడ పెద్దగా చెప్పవలసింది లేదు. మూడు నోడ్లలోనూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే భద్రతా రకం ఉంటే మనిషి మెట్లెక్కుతుంటే ఫోను నోడ్ మారుతుంది. పాత ఫోన్లు, స్మార్ట్ బల్బులు ఉన్న ఇంట్లో డబ్ల్యూపీఏ2తో మొదలుపెట్టడం క్షేమం. వేగంగా నోడ్ మార్పించే 802.11ఆర్ సౌకర్యాన్ని మొదటి రోజే పెట్టకండి. అన్నీ కుదిరాక, ఏదైనా పరికరం అలగకుండా ఉంటేనే పెట్టండి.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఏ నోడ్‌ను పట్టుకోవాలో నిర్ణయించేది రూటర్ కాదు, ఫోను. కింది నోడ్ 2.4 శక్తి మరీ ఎక్కువైతే ఫోను పై అంతస్తుకు వెళ్లినా దాన్నే పట్టుకుని వేలాడుతుంది. రూటర్ కేక ఫోనుకు వినిపిస్తుంది, ఫోను గొంతు రూటర్‌కు వినిపించదు. అందుకని 2.4 రేడియో శక్తిని 20 డీబీఎం నుంచి 14 లేదా 17కు తగ్గించి చూడండి. ప్రతి 3 డీబీఎంకు శక్తి సగమవుతుంది. 20 అంటే 100 మిల్లీవాట్లు, 17 అంటే 50, 14 అంటే 25. మెష్ రేడియో శక్తిని మాత్రం తగ్గించవలసిన అవసరం సాధారణంగా రాదు.

ఆరో అడుగు: బల్ల మీద పరీక్ష, తర్వాత స్థానాలు

మూడు నోడ్లనూ ఒకే గదిలో రెండు మూడు మీటర్ల ఎడంతో పెట్టి, కింది నోడ్‌కు తప్ప మిగతా వాటికి ల్యాన్ తీగలు పీకేసి చూడండి. మెష్‌లో ఉన్న నోడ్లను తీగతో కూడా కలిపి ఉంటే సమాచారం గుండ్రంగా తిరుగుతూ నెట్‌వర్క్ మొత్తాన్ని స్తంభింపజేస్తుంది. భవిష్యత్తులో ఎవరైనా తెలియక తీగ కలిపే అవకాశం ఉంటే వంతెన పరికరం అమరికలలో ఎస్‌టీపీ అనే గడిలో టిక్కు పెట్టండి.

వైర్‌లెస్ పేజీ అడుగున ఉన్న జాబితాలో ప్రతి నోడ్‌కూ మిగతా రెండు నోడ్ల మ్యాక్ చిరునామాలు కనిపించాలి. అక్కడే సిగ్నల్, వేగం ఉంటాయి. జాబితా ఖాళీగా ఉంటే అనుమానించవలసిన వరుస ఇది: చానెల్, వెడల్పు, దేశం కోడ్, మెష్ ఐడీ, పాస్‌వర్డ్, చివరగా డబ్ల్యూపీఏడీ ప్యాకేజీ. నోడ్లు కనిపించి, పింగ్ మాత్రం వెళ్లకపోతే మెష్ ఇంటర్‌ఫేస్ ల్యాన్ వంతెనలో చేరలేదన్నమాట.

ఇప్పుడు నోడ్లను వాటి చోట్లకు తీసుకెళ్లండి. మెట్ల దారిని ఆనుకుని ఒకదానిపై ఒకటి పెట్టడం నా అనుభవంలో అన్నిటికంటే మంచిది, ఎందుకంటే అక్కడ శ్లాబులో పెద్ద ఖాళీ ఉంటుంది. ఇనుప బీరువా మీద, ఫ్రిజ్ వెనక, నీళ్ల ట్యాంకు పక్కన పెట్టకండి. లోహం సిగ్నల్‌ను తిప్పికొడుతుంది, నీరు మింగుతుంది. బయటికి కనిపించే యాంటెన్నాలుంటే ఇంకో సంగతి గమనించండి. నిలువుగా ఉన్న కడ్డీ యాంటెన్నా చుట్టూరా గారె ఆకారంలో ప్రసరిస్తుంది, కొన దిశలో దాదాపు ఏమీ పంపదు. అంతస్తులన్నిటా యాంటెన్నాలను నిటారుగా పెడితే ఒకదాని గారె చిల్లు సరిగ్గా పైదాని వైపు ఉంటుంది. ఒక యాంటెన్నానైనా అడ్డంగా వంచి చూడండి, సిగ్నల్ అంకె మారడం కళ్లముందే కనిపిస్తుంది.

నోడ్ల మధ్య సిగ్నల్ మైనస్ 65 డీబీఎం కంటే మెరుగ్గా, అంటే సున్నాకు దగ్గరగా ఉంటే నిశ్చింత. మైనస్ 75 దాటి బలహీనమైతే నోడ్‌ను జరపండి, శక్తి పెంచి సరిపెట్టుకోవద్దు. సిగ్నల్ ఒక్కటే చూసి తృప్తి పడకుండా ఐపెర్ఫ్3 అనే చిన్న ప్యాకేజీతో నోడ్ నుంచి నోడ్‌కు అసలు వేగాన్ని కొలవండి. కింది నుంచి మధ్యకు, మధ్య నుంచి పైకి, ఆపైన కింది నుంచి పైకి నేరుగా. మూడో అంకె మొదటి రెండింటిలో చిన్నదానికి సగం దగ్గర ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.

సగం కంటే బాగా తక్కువ వచ్చి, మాటిమాటికీ మారుతుంటే దారి ఎంపికలో తడబాటు ఉంది. 802.11ఎస్ ప్రతి దారికీ ఒక ఖరీదు కడుతుంది: 8192 బిట్ల నమూనా ఒకటి ఆ దారిలో వెళ్లడానికి గాలిలో ఎంత కాలం పడుతుందన్న అంచనా. కింది నోడ్‌కూ పెంట్‌హౌస్ నోడ్‌కూ మధ్య రెండు శ్లాబుల గుండా సన్నని నేరు సంబంధం ఉంటే, ఆ అంచనా ఒక క్షణం దానివైపు, మరు క్షణం మధ్య నోడ్ వైపు మొగ్గుతుంది. మందు సులభం. మెష్ ఇంటర్‌ఫేస్‌లో చేరికకు కనీస సిగ్నల్ అడిగే ఆర్ఎస్ఎస్ఐ త్రెషోల్డ్ గడిలో సున్నా ఉంటుంది, అంటే హద్దు లేదని అర్థం. అక్కడ మైనస్ 78 లేదా మైనస్ 80 రాస్తే ఆ బలహీన సంబంధం ఏర్పడదు, సమాచారం మెట్లెక్కినట్టు అంతస్తు తర్వాత అంతస్తుగా వెళ్తుంది. మంచి సంబంధాల సిగ్నల్‌కూ ఈ హద్దుకూ మధ్య కనీసం 8 డెసిబెళ్లు ఎడం ఉంచండి. తలుపు మూసినప్పుడు, పదిమంది చుట్టాలు గదిలో ఉన్నప్పుడు సిగ్నల్ ఆ మేరకు ఊగుతుంది, ఎడం లేకుంటే నోడ్ ఒంటరిదవుతుంది.

మేడ మీది నుంచి పొలంలోని మోటారు షెడ్డుకో, రోడ్డవతలి ఇంటికో మెష్‌ను సాగదీసేవారు రేడియో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోని డిస్టెన్స్ గడిలో అత్యంత దూరపు నోడ్ వరకు మీటర్లలో రాయాలి. జవాబు కోసం రేడియో ఎంతసేపు ఆగాలో దీన్నిబట్టే నిర్ణయమవుతుంది. ఇంట్లో వాడేవారు దాన్ని ఖాళీగా వదిలేయవచ్చు.

చివరగా ప్రతి నోడ్‌లోనూ సిస్టమ్ మెనూలోని బ్యాకప్ పేజీ నుంచి అమరికల ఫైలును దించుకుని, దానికి అంతస్తు పేరు పెట్టి కంప్యూటర్‌లో దాచుకోండి. కరెంటు పోయి వచ్చినప్పుడు నోడ్లు ఏ క్రమంలో లేచినా మెష్ దానంతట అదే కుదురుకుంటుంది. ఒక నోడ్ మొరాయించి పేజీ కూడా తెరవకపోతే, అది లేచేటప్పుడు దీపం వేగంగా మినుకుమనే క్షణంలో బటన్ నొక్కి ఫెయిల్‌సేఫ్ స్థితికి తెచ్చి, తీగతో 192.168.1.1కు కలిసి తొలి అమరికలకు రీసెట్ చేయండి. తొలగించిన ప్యాకేజీ కూడా రీసెట్‌తో తిరిగి వస్తుంది కాబట్టి డబ్ల్యూపీఏడీ మార్పును మళ్లీ చేసి, ఆ తర్వాతే దాచిన ఫైలును ఎక్కించాలి.